ప్రశ్నార్థకం పెట్టిన రోగం

హైదరాబాద్ కార్వాన్‌లో, కారం పసుపు పట్టే బాబూమియా గిర్ని ఉన్న గల్లీలో సుజనను సగం డాక్టరనేవాళ్ళు. మిగతా సగం ఏమిటని ఎవరూ అడగలేదు. ఆమె చదివింది బీఎస్సీ, చేసేది మెడికల్ కోడింగ్. అమెరికాలో ఎవరో ఆసుపత్రికి పోతారు. అక్కడి డాక్టరు రాసిన కాగితం ఇక్కడ సుజన కంప్యూటర్‌లోకి వస్తుంది. అది చదివి రోగానికో నంబరు, చేసిన వైద్యానికో నంబరు వేసి పంపాలి. ఆ నంబర్లు చూసి అక్కడి ఇన్సూరెన్సు వాళ్ళు తమ పని తాము చేసుకుంటారు. రోగి ముఖం చూసేది లేదు, చెయ్యి పట్టుకునేది లేదు. అయినా గల్లీలో ఎవరికి ఏ రిపోర్టు ఇంగ్లీషులో వచ్చినా, ముందు ఆ ఇరుకు మెట్లెక్కి సుజన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె చదివి చెప్పేది. చెప్పడం ఆమెకు ఇష్టం కూడా.

తొమ్మిదేళ్ళుగా ఆమెది చెవి, ముక్కు, గొంతు విభాగం. అందులోనూ ముక్కు నుంచి రక్తం కారే కేసులంటే ఆమెకు కొట్టిన పిండి. రోగానికి ఆర్ సున్నా నాలుగు పాయింట్ సున్నా. ముక్కు ముందుభాగంలో మామూలుగా గాజుగుడ్డ కూరితే ఒక నంబరు, ఎక్కువ కష్టపడి కూరితే ఇంకొకటి, వెనకభాగం దాకా పోయి కూరాల్సివస్తే మరొకటి. రోజుకు పదయినా వచ్చేవి. పప్పులో పోపు వేస్తూ కూడా చెప్పగలిగేది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారమే అద్నాన్ రెండు సూత్రాలు నూరిపోశాడు. అతను అప్పుడు ట్రైనర్, ఇప్పుడు టీమ్ లీడర్. "అనుమానం రోగం కాదు సుజనా. ఓపీ కాగితం మీద డాక్టర్ ప్రశ్నార్థకం పెట్టినా, 'కావచ్చు' అన్నా, 'రూల్ అవుట్' అంటే కాదని తేల్చుకోవాలె అని రాసినా, దాన్ని ముట్టొద్దు. తేలిందాన్నే కోడ్ చెయ్యాలె. తేలకపోతే పైకి కనిపించే లక్షణాన్ని కోడ్ చెయ్యాలె. ఇగ రెండోది, చేయించుకోమని రాసిన పరీక్ష, చేసిన పరీక్ష కాదు. దాన్ని గూడ వదిలెయ్యాలె." మంచి సూత్రాలే. ఉత్త అనుమానం మీద ఒక మనిషి నుదుట క్యాన్సరని ముద్ర కొట్టకూడదు కదా. తొమ్మిదేళ్ళు అలా వదిలేసి వదిలేసి, చివరికి ఆమె కళ్ళు ప్రశ్నార్థకం కనబడితే చాలు వాటంతటవే పక్క వాక్యం మీదికి దూకేవి. నూటికి తొంభైతొమ్మిది మార్కులు వచ్చేవి ఆడిట్‌లో.

ఇంట్లో ఉండేది ఇద్దరే, సుజన, అక్క రాజమణి. సుజనకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటికి ఇరవై మూడేళ్ళ రాజమణి, పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చి ఉంది. చెల్లెలికి జడ వేసిందీ, ఫీజు కట్టిందీ, మొదటిసారి బట్టలు మరకైతే తలుపేసి అన్నీ చెప్పిందీ ఆమే. ఇంటి కిందే బాబూమియా గిర్ని. ఇరవై రెండేళ్ళుగా అందులోనే పని. పసుపు కొమ్ములు, మిరపకాయలు, ధనియాలు ఎవరేది తెచ్చినా గొట్టంలో వేసి, కింద డబ్బా పట్టి, తూకం వేసి ఇవ్వాలి. ముక్కుకు గుడ్డ కట్టుకునేది. గంటకోసారి ఆ గుడ్డ కిందికి జారేది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో కార్వాన్ అంతా ఏడాదికి సరిపడా కారం పట్టించుకుంటుంది. గిర్ని ముందు మూటల వరస. అదిగో, ఆ వరసలో ఒక పొద్దున రాజమణి ముక్కు నుంచి రక్తం కారింది. బాబూమియా భార్య షహనాజ్ వెనక ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి, తల మీద చన్నీళ్ళు పోసి, ఉల్లిగడ్డ కోసి వాసన చూపించింది.

"నక్సీర్ ఇది. వేడికి అయితది. పరేషాన్ కాకు రాజమణి," అన్నది షహనాజ్.

"కారం ఘాటు ఆపా. ఇరవై ఏండ్ల సంది పీలుస్తున్న, ముక్కు గూడ ఎన్నాళ్ళని ఓర్సుకుంటది," అని రాజమణి గుడ్డ మళ్ళీ పైకి కట్టుకుంది.

అది మొదటిసారి కాదని సుజనకు తర్వాత తెలిసింది. కారం పడ్డ చీర మీద రక్తం మరక ఎవరికీ కనిపించదు. ఎన్ని నెలలుగా కారుతోందో రాజమణి కూడా లెక్క పెట్టుకోలేదు. ఆ నెలలో మూడోసారి ఇంట్లోనే, అన్నం తింటుంటే, కంచంలో పడింది. అప్పుడు సుజన కంప్యూటర్ మూసేసి, అక్కను ఆటో ఎక్కించి, శాలిబండలోని ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరు పెద్దాయన, నెమ్మదస్తుడు. ఎడమ ముక్కులో మందులో తడిపిన దూది పెట్టి చూశాడు, లైటు వేసి చూశాడు, చిన్న అద్దం వేడిచేసి నోట్లో పెట్టి మళ్ళీ చూశాడు. తర్వాత గాజుగుడ్డ పొడుగు పీలిక తీసి మడతలు మడతలుగా కూరడం మొదలుపెట్టాడు. సుజన పక్కనే నిలబడి చూసింది. తొమ్మిదేళ్ళలో వేల సార్లు నంబరు వేసిన పనిని కళ్ళారా చూడడం అదే మొదలు. అక్క కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉంటే, సుజన నోరు ఊరుకోక, "ముందుభాగమే కదా సార్, వెనక దాకా అవసరం లేదు కదా," అన్నది.

డాక్టరు ఆగి చూశాడు. "మీరు మెడికల్ లైన్‌ల ఉన్నరా మేడమ్?"

"అవును సార్. ఈఎన్‌టీనే."

అంతే. ఆ ఒక్క మాట. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆయన మొహం తేలికపడింది. కూర్చుని కాగితం నిండా రాశాడు. రాజమణి వైపు ఒకసారి చూసి, సుజన వైపు తిరిగి, కాగితం చేతికిచ్చాడు. "అంతా రాసిన మేడమ్. మీరు లైన్‌లనే ఉన్నరు, మీకు చెప్పేదేముంది. చూసుకోండ్రి," అన్నాడు.

"చూసుకుంట సార్," అన్నది సుజన. ఎదురుగా రోగి ఉందని ఆయన నోరు విప్పలేదు. తనకు తెలుసనిపించుకోవడం బాగుందని ఈమె అడగలేదు.

తిరుగుదారిలో ఆటో పురానాపూల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే కాగితం తీసి చదివింది. రాజమణి ముక్కు ఉబ్బి, నోటితో ఊపిరి తీసుకుంటూ అడిగింది. "ఏం రాసిండు?"

సుజన చదివింది. పై నుంచి కింది దాకా, ఒక్క అక్షరం వదలకుండా చదివింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఆమె చూడక పోలేదు. మొదటి వరసలో ఎడమ ముక్కు నుంచి రక్తస్రావం. రెండో వరసలో గాజుగుడ్డ కూరడమైంది, ఎల్లుండి తీయాలి. కింద సన్నటి అక్షరాల్లో ఒక ప్రశ్నార్థకం, ముక్కు వెనక గడ్డ, రూల్ అవుట్. ఆ కింద, కెమెరా గొట్టంతో చూడాలి, స్కాన్ చేయించాలి. ప్రశ్నార్థకం ఉంది గనక మూడో వరస ఆమెకు లేదు. చేయమన్నదే గాని చేసింది కాదు గనక నాలుగో వరసా లేదు. మిగిలింది రెండు వరసలు. రెండు నంబర్లు.

"ముక్కుల నుంచి రక్తం అని రాసిండు, ఇంకేముంటది. కట్టు పెట్టిండు, ఎల్లుండి తీస్తడు. నాకు ఎరుక లేదా అక్కా, రోజుకు పది చూస్త," అన్నది.

రాజమణి నవ్వబోయి, ముక్కు నొప్పికి ఆగిపోయింది. "గదే కదా. గిట్లాంటి దానికి గింత లొల్లి," అన్నది.

మూడో రోజు కట్టు తీయించుకోవడానికి రాజమణి ఒక్కతే పోయింది. ఆ రోజు డాక్టరు లేడు, కాంపౌండరు తీశాడు. తలకొచ్చింది తలపాగాతో పోయిందని షహనాజ్ మొగుడు బాబూమియా సంతోషించి, గిర్నికి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాడు. పాపం, మంచివాడు. ఆ ఫ్యాను శబ్దం తప్ప ఇంకేం మారలేదు.

ఏప్రిల్‌లో ఎడమ చెవి దిమ్మెక్కిందని రాజమణి అన్నది. గిర్ని మోతకు ఎవరి చెవి మాత్రం బాగుంటుంది. మే నెలలో టీవీ శబ్దం పెంచింది. జూన్‌లో, వాన మొదలయ్యాక, నడుము నొప్పి. మూటలు ఎత్తితే నడుము నొప్పి రాక ఏమొస్తుంది. ఒక్కోదానికి ఒక్కో కారణం, ఒక్కోటీ విడిగా నమ్మదగ్గదే. సుజన కూడా ఒక్కోదాన్ని విడిగానే చూసింది. ఆమె వృత్తిలో రోగి వచ్చిన ఒక్కోసారికి ఒక్కో ఫైలు, ఈ రోజు కాగితానికి ఈ రోజు నంబరే. పక్కింటి కమల రెండుసార్లు అడిగింది, మళ్ళొకసారి చూపించరాదా అని. రాజమణి చెయ్యి ఊపింది.

"మా సుజన కాయితం జదివింది. ఏం లేదన్నది. అదంటే అన్నట్టే," అన్నది.

జులై చివర్లో, తల దువ్వుకుంటూ చెవి కింద చెయ్యి ఆపింది. నిమ్మకాయంత గట్టి గడ్డ. నొప్పి లేదు. నొప్పి ఉంటే బాగుండేది, ముందే చెప్పేది. సుజన వేళ్ళతో తాకింది. కదల్లేదు. అప్పుడు మొదటిసారి, మళ్ళీ చూపిద్దామని ఆమే అన్నది.

మర్నాడు పెద్దాసుపత్రికి పోవాలి. పాత కాగితాలు తెమ్మంటారని సుజన మంచం కింది ఇనప్పెట్టెలోంచి అన్నీ తీసి, అలవాటు ప్రకారం తేదీల వారీగా పేర్చింది. మార్చి కాగితం చేతికొచ్చింది. చదివింది. అవే అక్షరాలు, అదే సన్నటి వరస. ఈసారి ఆమె కోడర్‌గా చదవలేదు. చెల్లెలిగా చదివింది. ముక్కు వెనక గడ్డ. ఆ రెండు మాటలు నాలుగున్నర నెలలుగా ఆ ఇంట్లోనే, అక్క పడుకునే మంచం కిందే ఉన్నాయి.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. ఇక్కడ బల్లి పడలేదు, అక్కను పడేసింది. ఆ కాగితం తీసేద్దామని సుజనకు అనిపించింది. అనిపించలేదని అనడం అబద్ధం. మడిచి జాకెట్లో పెట్టుకుంటే అడిగేవాళ్ళు లేరు. అక్కకు ఇంగ్లీషు రాదు. కాని కొత్త డాక్టరుకు ఏ రోజు ఎక్కడ మొదలైందో తెలియాలి, తెలిస్తే అక్కకు ఏమైనా పనికొస్తుందేమో. మళ్ళీ దాని చోట్లో దాన్ని పెట్టింది. డాక్టరు చూస్తాడనీ చూడడనీ, రెండూ కోరుకుంది.

పెద్దాసుపత్రిలో పదిహేను రోజులు తిరిగారు. గొట్టం వేసి చూశారు, ముక్క తీశారు, స్కాన్ చేశారు. చివరి రోజు ఫిల్ములు ఇంకా రాలేదని, మూడో అంతస్తు కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి తెమ్మని సుజనను పంపారు. ముప్పావు గంట పట్టింది. తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ ముందు ఫైలు మూసి ఉంది, అక్క బల్ల మీద చేతులు పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. డాక్టరమ్మ ఫిల్ములు లైటుకు పెట్టి చూసి, సుజనను బయటికి పిలిచింది.

వెన్నులో మూడు చోట్ల, తుంటిలో ఒక చోట. కాలేయంలో మచ్చలు. మొదట్లో వచ్చి ఉంటే ఈ రకం లొంగుతుందమ్మా, కరెంటు పెడితే, అదే రేడియేషన్ ఇస్తే, చాలామందికి పోతుంది, అని చెప్పింది డాక్టరమ్మ. ఇప్పుడు నొప్పి తగ్గడానికి పెడతాం. ఎన్ని నెలలని అడక్కండి, పండగలు లెక్కపెట్టుకోవద్దని మాత్రం చెప్తాను. ఆమె మంచిగానే చెప్పింది. ఎవరి తప్పని అడగలేదు. అడిగితే బాగుండునని సుజన గోడకు ఆనుకుని నిలబడింది.

కాగితం మీద ఇప్పుడు ప్రశ్నార్థకం లేదు. ముక్కు వెనక క్యాన్సర్‌కు సీ పదకొండు, ఎముకకు పాకిందానికి సీ డెబ్బైతొమ్మిది. నంబర్లు అడక్కుండానే ఆమె తలలోకి వచ్చి కూర్చున్నాయి. ఇప్పుడంతా తేలిపోయింది, కోడ్ చేయడానికి ఏ అడ్డూ లేదు. తొమ్మిదేళ్ళు నేర్చిన విద్య మీద ఆమెకు ఉమ్మెయ్యాలనిపించింది.

సెలవు అయిపోయాక మళ్ళీ పని మొదలుపెట్టింది. పక్కగదిలో అక్క పడుకుని ఉండేది. మూడో రోజు ఒక కాగితం వచ్చింది. ఎక్కడో ఒహాయోలో యాభై ఆరేళ్ళ మనిషి, పేరు కూడా కనిపించదు, ముక్కు నుంచి రక్తం, నెలలో మూడోసారి. నర్సు రాసినదాంట్లో కుడి చెవి దిమ్మెక్కిందని ఉంది. డాక్టరు గాజుగుడ్డ కూరాడు. కింద ఒక ప్రశ్నార్థకం. సుజన ఆ నంబరు వేయలేకపోయింది. చెయ్యి రాలేదు. డాక్టరుకు ప్రశ్న పంపే పెట్టె ఒకటి ఉంటుంది, రాత అర్థం కానప్పుడు వాడేది. అందులో రాసింది: ఈ మనిషికి ముక్కు వెనక గడ్డ ఉండొచ్చు, మీరు ఆయనకు నోటితో చెప్పారా?

గంటలో అద్నాన్ ఫోన్ చేశాడు. కోపంగా లేడు, అదే కష్టంగా ఉంది ఆమెకు.

"సుజనా, ఇదేంది. డాక్టర్‌కు రోగం పేరు మనం అందియ్యద్దు. కొత్తోళ్ళకు నువ్వే నేర్పుతవు గద ఈ సంగతి. నేను వాపస్ తీస్కున్న, కాని ఆడిట్‌ల పడ్డది."

"అతనికి ఎవరన్న చెప్పిన్రా లేదా, నాకు తెల్వాలె అద్నాన్."

"చెప్పే ఉంటరు. డాక్టర్ ఎదురుంగ కూసోబెట్టి నోటితోని చెప్తడు, మళ్ళ ఫోన్ చేస్తరు, ఉత్తరం పంపుతరు. మనకొచ్చేది పైసల హిసాబ్ కాయితం. దాన్ని చూసి మనిషిని బతికిస్తమా మనం." గొంతు తగ్గించాడు. "మీ అక్కకు ఎట్లుంది?"

సుజన ఫోన్ పెట్టేసింది. నిజమే, ఒహాయో మనిషికి ఎవరో చెప్పే ఉంటారు. ఆ కాగితం అక్కడి డాక్టరు నోటికి తోక మాత్రమే. శాలిబండ డాక్టరుకు కాగితమే నోరు. ఆ నోటికి ఎదురుగా సుజన ఒక్కతే ఉంది. వినాల్సిన చెవి తనదే అయినప్పుడు వినలేదు. చేతులు కాలాక ఇప్పుడు సముద్రం అవతల ఆకులు పట్టుకుంటోంది.

అక్కకు చెప్పాలి. అదొక్కటే ఆమెకు మిగిలిన పని. క్షమాపణ కోసం కాదు, అంత ఆశ ఆమెకు లేదు. గల్లీలో అందరూ సుజన చేస్తున్న సేవ చూసి ముక్కున వేలేసుకుంటున్నారు. కన్నకూతురు కూడా ఇట్ల చెయ్యదని కమల అందరికీ చెప్తోంది. అక్క కూడా అన్నం పెడుతుంటే తల నిమురుతోంది. ఆ నిమరడం భరించలేకపోయింది. తను చేసిందేమిటో తెలియకుండానే అక్క పోతే, ఆ తల మీద చెయ్యి జీవితాంతం దొంగసొమ్ములా ఉండిపోతుంది.

మొదటిసారి, కరెంటు పెట్టించుకుని వచ్చే ఆటోలో మొదలుపెట్టింది. "అక్కా, మార్చిల ఆ శాలిబండ డాక్టర్ రాసిన కాయితం..."

"ఇగో, కిటికీ గుడ్డ దించు. ఎండ కొడ్తుంది," అన్నది రాజమణి.

ఇంకోసారి, ఒళ్ళు తుడుస్తూ, "నీకొకటి చెప్పాలె అక్కా," అన్నది.

"నాకు నిద్రొస్తుంది బిడ్డా," అని రాజమణి గోడవైపు తిరిగింది. పదిసార్లయినా ఇలాగే జరిగింది. అక్కకు ఏమీ తెలియదనీ, ఓపిక లేక వినడం లేదనీ సుజన అనుకుంది. చెప్పలేకపోయిన ప్రతిసారీ లోపలెక్కడో ఊపిరి పీల్చుకుంది కూడా. అలా పీల్చుకున్నందుకు తనను తాను అసహ్యించుకుంది.

అక్టోబర్ వచ్చేసరికి రాజమణి కూర్చోలేకపోయింది. ముక్కు నుంచి రక్తం మళ్ళీ మొదలైంది. ఆసుపత్రి వాళ్ళు నేర్పినట్టు సుజనే ఇంట్లో గాజుగుడ్డ కూరేది. నొప్పి మాత్ర నాలుగు గంటలకోసారి. ఎముకల మీద చర్మం తప్ప ఇంకేం లేని ఆ ఒంటిని ఎత్తుతుంటే, అంతంత బరువు మూటలు ఎత్తిన మనిషి ఈమేనా అనిపించేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం షహనాజ్ పాయా చారు గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. రాజమణి రెండు చెంచాలు మింగి చాలన్నది. షహనాజ్ గిన్నె పక్కన పెట్టి కాసేపు చూసింది. చూసీ చూసీ ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కొందరికి దుఃఖం అలాగే వస్తుంది.

"నీ మొండి జిద్ ఖరాబ్‌గాను రాజమణి. సుజన చెవిల ఇల్లు కట్టుకోని చెప్పిందట గద, స్కాన్ చేయించుకో, గొట్టం ఏయించుకో అని. ఆ పోరి మాట ఇనుంటే గిట్ల పడుకోని ఉందువా. సీజన్ అయిపోనీ, మిర్చి సీజన్ అయిపోనీ అంటివంట. మేము వద్దంటిమా? బాబూమియా నిన్ను ఆపిండా?"

సుజన చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. "ఎవరు చెప్పిన్రు ఖాలా?" అన్నది.

"ఇంకెవరు, ఇదే చెప్పింది. పెద్దాసుపత్రిల ఫిల్ముల కోసమని నువ్వు పైకి వోయిన దినమంట. డాక్టరమ్మ అడిగిందట, మార్చిలనే రాసిన్రు గద, నీకెవరు చెప్పలేదా అని. మా చెల్లె చెప్పింది, నేనే పోలేదని అన్నదట. ఇంటికొచ్చి మాకు గూడ గదే చెప్పింది. గల్లీల అందరికి ఎరుకే." షహనాజ్ కొంగుతో మొహం తుడుచుకుంది. "సుజన ఏం లేదన్నదని నాతోని అబద్ధమాడినవా అని కమల గూడ తిట్టింది దీన్ని. నీ తప్పేం లేదు బిడ్డా. నువ్వు ఫికర్ చెయ్యకు."

అప్పుడు చెప్పాల్సింది. షహనాజ్ ఎదురుగా ఉంది, గిన్నె ఇంకా వేడిగా ఉంది, అక్క కళ్ళు తెరిచే ఉంది. లేదు ఖాలా, నేను చెప్పలేదు, చదివి కూడా చెప్పలేదు, అనడానికి ఒక్క నిమిషం చాలు. సుజన నోరు తెరిచింది. షహనాజ్ ఆమె వైపు జాలిగా చూసింది. ఆ జాలి చూసి సుజన నోరు మూసుకుంది. అంతే జరిగింది. నెలల తరబడి చెప్పాలి చెప్పాలని కొట్టుకున్న మనిషి, చెప్పే వేళ వచ్చేసరికి తువ్వాలు మడతపెట్టింది.

షహనాజ్ మెట్లు దిగిపోయింది. కింద గిర్ని ఆగిపోయి ఉంది, నమాజు వేళ. సుజన మంచం పక్కన కూర్చుంది.

"నీకు ఎరుకేనా," అన్నది.

"ఎరుకే."

"అప్పటి సంది?"

రాజమణి గాజుగుడ్డ కూరిన ముక్కుతో, నోటితో ఊపిరి తీసుకుంటూ, మాటకూ మాటకూ నడుమ ఆగుతూ అన్నది. "నేను పోతున్న. నువ్వీడ్నే ఉంటవు. ఈ గల్లీల. నలుగురు నాలుగు మాటలంటరు. గందుకు చెప్పిన."

"అక్కా, నన్ను..."

"వద్దు. అడగకు." రాజమణి చెయ్యి కదిపింది గాని పైకెత్తలేకపోయింది. "నాకు కోపం లేదనుకుంటున్నవా? మస్తున్నది. పొద్దుగాల లేస్తే నీ మొఖం చూడబుద్ధి గాదు. మళ్ళ నువ్వే నీళ్ళు తాపాలె. ఏం జెయ్యాలె నేను." ఆగింది. ఊపిరి అందాక మళ్ళీ అన్నది. "నాకు బతకాలని ఉండె సుజనా."

సుజన ఆమె కాళ్ళు పట్టుకుందామని చెయ్యి చాపింది. ఎక్కడ ముట్టుకున్నా అక్కకు నొప్పి అని గుర్తొచ్చి, చెయ్యి దుప్పటి మీదే ఆగిపోయింది. రాజమణి మొహం గోడవైపు తిప్పుకుంది. నమాజు అయిపోయాక కింద బాబూమియా గిర్ని మళ్ళీ ఆన్ చేశాడు. మాత్ర వేసే వేళ కావడానికి ఇంకా రెండు గంటలుంది. సుజన అక్కడే కూర్చుంది.